వెనక్కి తీసుకున్న చెయ్యి

"అందరు చూసిన్రమ్మా! ఇంకెవ్వరికి దాస్తవు?"

స్రవ్య గుమ్మం దాటకముందే అన్న మాట ఇది. చేతిలో బైబిలు సంచి, కాళ్లకు ఇంకా చెప్పులు. ఆమె వెనకే వచ్చిన కళావతి, నెత్తిమీది కొంగైనా తీయకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది.

పొయ్యి దగ్గర రాజన్న గరిటె ఆపాడు. ఆదివారం మాంసం కూర అతని వంతు. భార్యా కూతురూ మందిరానికి వెళ్తారు, అతడు ఉల్లిగడ్డలు కోస్తాడు. విశ్వాసానికీ అవిశ్వాసానికీ మధ్య ముప్ఫై రెండేళ్లుగా ఆ ఇంట్లో నడుస్తున్న ఒడంబడిక అది.

"ఏమైంది? మల్ల బల్ల తీసుకోలేదా?"

"తీసుకోలె. పోయిన నెలనే కాదు, ఈ నెల గూడ. పళ్లెం సుగుణమ్మ ఆంటీకి అందిచ్చి తల ఒంచుకున్నది."

నెలలో మొదటి ఆదివారం మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. బల్ల అంటే అదే. పళ్లెం వరస వెంట చేతులు మారుతూ వస్తుంది. మనసులో ఒప్పుకోని పాపమున్నవాళ్లు దాన్ని ముట్టకూడదంటారు. కాబట్టి ముట్టనివాళ్లెవరో మందిరమంతా చూస్తుంది, ఆ పాపమేమిటో వారమంతా ఆలోచిస్తుంది.

"బయటికొచ్చినంక ఆంటీ నా చెయ్యి పట్టుకొని, 'మీ అమ్మతోని ఏమన్న తప్పు జరిగిందా బిడ్డా, నాకొక్కదానికి చెప్పు, ప్రార్థన చేస్త' అంటది. ప్రార్థనా అది? జర సేపుంటె మైకుల అడుగుతుండె."

రాజన్నకు నవ్వు వచ్చింది. కళావతి ముఖం చూసేసరికి అది గొంతులోనే ఆగిపోయింది.

"కడుపుల బాగలేదని చెప్పు" అంది కళావతి, బియ్యం డబ్బా మూత తీస్తూ.

"రెండు నెలల సంది కడుపు నొప్పా? నేను సండే స్కూల్ టీచర్నమ్మా. రేపు పిల్లలు అడిగితె నేనేం చెప్పాలె?"

"అన్నం అయినంక మాట్లాడుదం."

"అన్నం ఒండింది డాడీ. నువ్వు మూత తీసింది ఖాళీ డబ్బా."

కళావతి డబ్బాలోకి చూసింది. నిజమే. మూత మళ్లీ పెట్టేసింది.

వరండాలో గోనెసంచి చుట్టిన రాతిపలక ఒకటి గోడకు ఆనించి ఉంది. శుక్రవారం నాడు వచ్చింది. దాని మీద రాజన్న తల్లి పేరు నాగమణమ్మ అనీ, కింద 'ప్రభువునందు నిద్రించినది' అనీ చెక్కారు. వచ్చే ఆదివారానికి ఆమె పోయి ఏడాది. సమాధి దగ్గర జ్ఞాపకార్థ కూడిక. శుక్రవారం నుంచీ కళావతి ఆ రాయి పక్కగా నడవవలసి వచ్చినప్పుడల్లా గోడకు అటువైపు ఒదిగి వెళ్తోందని రాజన్న గమనించాడు. గమనించి, దాన్ని దుఃఖమనుకున్నాడు.

నాగమణమ్మ బతికినన్నాళ్లూ లాల్‌దర్వాజా అమ్మవారికి బోనమెత్తిన మనిషి. అయినా కడపటి గడియలో ఆసుపత్రి మంచం మీద ప్రభువును ఒప్పుకుందని కళావతి చెప్పింది. ఆ మాట మీదనే ఆమెను క్రైస్తవుల సమాధి తోటలో పాతిపెట్టారు. 'అమ్మ నన్ను పురానాపూల్ శ్మశానంలనే కాల్చుమన్నది' అని తమ్ముడు ఎల్లేష్ ఆసుపత్రి వాకిట్లో మొత్తుకున్నాడు. రాజన్న నలుగురి ముందూ అతణ్ణి అబద్ధాలకోరన్నాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

*

రెండు కాకముందే పాస్టర్ శ్రవణ్‌కుమార్ వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుండవు. హెల్మెట్ చంకన పెట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

"వందనాలు రాజన్నగారూ."

"వందనాలయ్యగారూ, రాండ్రి. కూర నేనే ఒండిన. నాస్తికుని చేతి వంట తినొచ్చో లేదో మీ పుస్తకంల చూసుకోన్రి."

"ఉప్పు సరిపోతె తినొచ్చు" అన్నాడు పాస్టరు, కూర్చుంటూ.

కళావతి మంచినీళ్లిచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుంది. స్రవ్య కిటికీ దగ్గర స్టూలు లాక్కుంది.

"సిస్టర్, నేను ఏం అడగనీకి రాలె. మీకు చెప్పాలనిపిస్తె వింట. లేకుంటె నీళ్లు తాగి పోత."

"కడుపుల బాగలేదయ్యగారూ."

"సరే." పాస్టరు గ్లాసు పక్కన పెట్టాడు. "వచ్చే ఆదివారం మాత్రం మీరు నిలబడాలె. అమ్మగారి కడపటి గడియ సాక్ష్యం ఇంకొకసారి మీ నోటితోని ఇనాలని సంఘమంత అడుగుతున్నది. పోయినేడు మీ సాక్ష్యం ఇని నలుగురు ముసలోళ్లు బాప్తిస్మం తీసుకున్నరు, ఎర్కనా?"

కళావతి కొంగు అంచును వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

ఆ మౌనం రాజన్నకు నచ్చలేదు. మౌనాలను చెదరగొట్టడానికి అతని దగ్గర ఎప్పుడూ ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

"అయ్యగారూ, నాదొక డౌటు. నరకం పర్మనెంటా? మా నీళ్ల డిపార్ట్‌మెంట్ల ఎంత పెద్ద తప్పు చేసినా సస్పెన్షన్‌కు ఒక గడువుండె, మల్ల అప్పీలుండె. డెబ్బై ఏండ్ల బతుకుల చేసిన తప్పుకు లెక్కలేనన్ని ఏండ్లు కాల్చుడేంది? మున్సిపాలిటోళ్లు గూడ గంత జుల్మానా ఎయ్యరు."

"డాడీ!" అంది స్రవ్య.

"అడగనియ్యమ్మా." పాస్టరు కాసేపు తన హెల్మెట్‌ వంక చూశాడు. "నేను చదువుకున్నది, చెప్పేది, శాశ్వతమనే. కని మా నాయన తాగి తాగి పోయిండు సార్. ఒక్కనాడు మందిరం మెట్లెక్కలె. పుల్పిట్ మీద నరకం గురించి చెప్పేటప్పుడు నేను ముందటి వరస దిక్కు చూడను. ఆడ మా అమ్మ కూసుంటది."

రాజన్న నాలుక మీద రెండో ప్రశ్న ఉంది. అది అక్కడే ఉండిపోయింది. వాదానికి నడుం కట్టుకొని వస్తే ఎదుటివాడు వాదించనేలేదు.

"మరి మీ నాయన ఏడున్నడయ్యగారూ?" అంది కళావతి గుమ్మంలోంచి. ఆమె గొంతు ఎవరో వెనక నుంచి తోసినట్టుగా వచ్చింది.

"నాకెర్కలేదు సిస్టర్. తీర్పు నాది గాదు."

"మా అత్తమ్మది మాత్రం మీకు ఎర్కనే గద?"

"మీరు చెప్పిన్రు గాబట్టి" అన్నాడు పాస్టరు.

ఆ తర్వాత అతడు రెండు ముద్దలు తిన్నాడు, ఉప్పు సరిపోయిందన్నాడు, ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కళావతి కళ్లు తెరిచే ఉండటం రాజన్న చూశాడు. ఎందుకంటే అతడూ మూసుకోడు.

*

స్రవ్య విసురుగా మేడ మీదికి వెళ్లింది. వంటింట్లో ఇద్దరే మిగిలారు. ఎంగిలి పళ్లేలు అలాగే ఉన్నాయి.

"ఇగ చెప్పు" అన్నాడు రాజన్న. "ఏం చేసినవు?"

"అబద్ధమాడిన."

"ఎవరితోని?"

"అందరితోని. నీతోని గూడ."

రాజన్న పీట లాక్కొని కూర్చున్నాడు.

"అత్తమ్మ నోట్లె గొట్టముండె. మాట లేదు. నువ్వు మందులకు కిందికి పోయినవు. నేను చెయ్యి పట్టుకొని అడిగిన, అత్తమ్మా, ప్రభువును నమ్ముకుంటవా, నమ్ముకుంటె నా చెయ్యి ఒత్తు అని. కండ్లు తెరిచి నన్ను చూసింది. చెయ్యి తీసేసుకున్నది."

"ఏ చెయ్యి?"

"ఏ చెయ్యి అంటె?"

"కుడిదా, ఎడమదా?"

"కుడిది."

రాజన్న ఊపిరి వదిలాడు. "కుడి చేతికి సెలైన్ సూది ఉండె. నొప్పికి ఎవరైన గుంజుకుంటరు. దానికో అర్థం తియ్యొద్దు. నీళ్లు మబ్బుగ కనబడ్డంత మాత్రాన మురుగు కలిసిందని రాస్తమా?"

ముప్ఫై ఏళ్లు నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేసిన గొంతు అది. ఏ సీసాను చూసీ తొందరపడని గొంతు.

"నేను గూడ గట్లనే అనుకున్న. మంచం చుట్టు తిరిగిపోయి ఎడమ చెయ్యి పట్టుకున్న. మల్ల అడిగిన." కళావతి తన చేతులను చూసుకుంది. "అది గూడ తీసుకున్నది. కోపంతోని గాదు. నా చేతి మీద రెండుసార్లు తట్టి, మెల్లగ తీసుకున్నది."

ఒకే నీటిని రెండుసార్లు పరీక్షించాలి, రెండూ ఒకే మాట చెబితేనే కాగితం మీద పెట్టాలి అని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడు రాజన్నే. తనకు తెలియకుండానే తన భార్య ఆ పద్ధతి పాటించింది. పాటించి, ఫలితాన్ని తిరగరాసింది.

అతనికొక వానాకాలం గుర్తుకొచ్చింది. జ్వరంతో ఒళ్లు కాలుతున్న రోజున పరీక్ష చేయకుండా నిన్నటి అంకెలనే ఇవాళ్టి గడిలో ఎక్కించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ అడగలేదు. ఇరవై రెండేళ్లు గడిచినా ఆ తేదీ మాత్రం అతనికి గుర్తుంది. శిక్ష లేదు, చూసినవాడు లేడు, నష్టపోయినవాడు లేడు. మరి గుర్తుండటం దేనికి? దానికి అతని దగ్గర ఏ పేరూ లేదు. ఆమె దగ్గర ఉంది.

"మరి ఒప్పుకున్నదని ఎందుకు చెప్పినవు?"

"ఆసుపత్రి మెట్ల మీద సుగుణమ్మ అడిగింది, అంగీకరించిందా అని. కాదంటె అత్తమ్మను నా నోటితోని నేనే అగ్గిల తోసినట్టు. ఒప్పుకున్నది అన్న. గంతే. అందరు ఏడ్చుకుంట స్తోత్రం అన్నరు. ఎన్కకు తీసుకోనీకి రాలె."

"గా మాట మీదనే గద అమ్మను పాతిపెట్టినం."

"అవును."

"గా మాట మీదనే ఎల్లేష్‌ను నేను నలుగుర్ల..."

"అవును."

మనిషి చనిపోయాక మిగిలేది కొంత సున్నం, కొంత బొగ్గు, బోలెడు నీళ్లు అని నలభై ఏళ్లుగా వాదిస్తున్నవాడు రాజన్న. కాల్చితే గాలిలోకి, పూడిస్తే మట్టిలోకి, తేడా ఏమీ లేదని తమ్ముడితోనూ అన్నాడు. ఇప్పుడు ఆ తేడా అతని రొమ్ము మీద కూర్చుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి అంతుపట్టలేదు.

"చూడు" అన్నాడు చివరికి. "మీ లెక్క ప్రకారమే మాట్లాడుత. నువ్వు చెప్పినా చెప్పకున్నా అమ్మ యాడున్నదో ఆడనే ఉంటది. దేవుడు నీ సాక్ష్యం ఇని చిట్టీ మార్చడు గద? చెప్పేసెయ్యి. నీ పాపం పోతది. వచ్చే నెల బల్ల తీసుకుంటవు. ఖతం."

"గందుకే చెప్తలేను."

"ఏంది?"

"చెప్తె నా పాపం పోతది. నేను పరలోకం పోత. పోయి ఏం చెయ్యాలె?"

రాజన్న ఆమె వంక చూశాడు. ఆమె పరిహాసమాడటం లేదు.

"ముప్ఫై ఏండ్లు ఒక్క పొయ్యి కాడ ఉన్నం. బోనాలకు బెల్లమన్నం ఒండితె, అమ్మోరికి చూపెట్టక ముందే నాకొక గిన్నెల తీసి పక్కకు పెడుతుండె. 'ఇంక మొక్కలేదే, నువ్వు తినొచ్చు' అని. ప్రసాదమైతె నేను ముట్టనని. ముప్ఫై ఏండ్లల ఒక్కసారన్న మర్వలె. గసొంటి మనిషి ఆడ ఒక్కతే ఉంటె, నేను పైన కూసోని పాటలు పాడాల్నా?"

"అంటె నువ్వు కావాలనే బల్ల..."

"ముట్టకపోతె, ఒప్పుకోకపోతె, నేను గూడ ఆమె తానికే పోత గద. నువ్వెట్లైన ఆడికే వస్తవు."

ఎవరు ఏ బస్సుకు వస్తారో చెప్పినంత మామూలుగా చెప్పింది.

నరకం లేదనడానికి రాజన్న దగ్గర వాదాలు చాలా ఉన్నాయి. భూమి లోపలి వేడిమి నుంచి మెదడు చేసే మాయల వరకూ వరసగా చెప్పగలడు. అవన్నీ నరకానికి భయపడేవాళ్ల కోసం సమకూర్చుకున్నవి. అత్తకు తోడుగా అక్కడికి బయలుదేరిన మనిషితో ఏం మాట్లాడాలో ఏ పుస్తకంలోనూ అతనికి కనబడలేదు.

"లేని జాగకు ఎవరు పోతరే, పిచ్చిదానా" అన్నాడు. ఆ మాట అతనికే బలహీనంగా వినిపించింది.

"నీకు లేదు. పోయేది నేను."

కళావతి ఎంగిలి పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"అది గాదు నా ఫికర్" అంది కళావతి. "నేను పోవుడు నా ఇష్టం. కని ఆదివారం నన్ను రాయి కాడ నిలబెడ్తరు. ఆమె ఒద్దని చెయ్యి తీసుకున్నది. ఆమె మీదనే నిలబడి ఇంకొకసారి అవునని చెప్పాలె. నా అబద్ధం ఇని ముసలోళ్లు నీళ్లల మునిగిన్రట. చెప్తె అత్తమ్మ కోసం చేసిన స్తోత్రమంత ఆగిపోతది. చెప్పకుంటె ఆమెను మల్ల అబద్ధంతోని కప్పిపెట్టినట్టైతది. నాకేం సమజైతలేదు. నువ్వు చదువుకున్నోనివి. ఏం చెయ్యాల్నో చెప్పు."

రాజన్న నోరు తెరిచాడు. అంతలో వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది.

*

"వదినా!"

ఆ గొంతు ఏడాది తర్వాత ఆ ఇంట్లో వినిపించింది. ఎల్లేష్. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం కౌంటర్ మీద నిలబడి నిలబడి నడుము కొంచెం వంగింది. వీధిలో ట్రాలీ ఆటో నిలిపి ఉంది.

స్రవ్య మేడ మెట్ల మీద ప్రత్యక్షమైంది. "నేనే పిలిచిన డాడీ. రాయి పెట్టేటప్పుడన్న బాబాయ్ ఉండాలె అని ఫోన్ చేసిన."

రాజన్న లేచి వరండాలోకి వచ్చాడు, వెనకే కళావతి. ఆ నిమిషాన అతనికి ఒక్కటే తోచింది. తమ్ముడికి ముందు తానే చెప్పాలి. ఆ రోజు నిన్ను అనరాని మాటన్నాను అని.

"ఎల్లేష్, నేను..."

"ఆగన్నా. ముందుగాల నన్ను మాట్లాడనియ్యి. ఆగితె మల్ల ధైర్యముండది." ఎల్లేష్ చెప్పులు విడిచి వరండాలోకి వచ్చాడు. "నేను లొల్లికి రాలె. మాఫీ అడగనీకి ఒచ్చిన. పురానాపూల్‌ల కాల్చుమని అమ్మ నాకు ఎన్నడు చెప్పలె."

స్రవ్య రెండు మెట్లు దిగింది.

"కులపోళ్లంత ఫోన్ల మీద ఫోన్లు. కన్నతల్లిని పరాయి తోటల పెడ్తరారా అని. నాకు మొహం చెల్లలె. చెప్పిందని అనేసిన. అసలు ఒక్కసారి నేనే అడిగిన, అమ్మా, నిన్ను యాడ పెట్టాలె అని. నవ్వింది. 'నేనేమన్న లేచి చూస్తనారా, మీకు ఎట్ల అల్కగైతె గట్ల చెయ్యున్రి' అన్నది. గంతే అన్నది."

రాజన్న గొంతులోంచి వచ్చిన శబ్దం నవ్వో ఏడుపో అతనికే తెలియలేదు. నలభై ఏళ్లుగా తాను పుస్తకాల్లోంచి చెబుతున్న మాటను తల్లి ఎప్పుడో, ఎవరినీ నొప్పించకుండా, నవ్వుతూ అనేసింది. అతనికి మాత్రం చెప్పలేదు. అతడు అడగలేదు.

"నువ్వు నన్ను అబద్ధాలకోరన్నవు. సచ్ బాత్ అన్నా, తప్పనలె. తప్పు మాట అన్నది నేను, వదినను." ఎల్లేష్ కళావతి వైపు తిరిగాడు. "మా వదిన కథలు చెప్తున్నదని లాల్‌దర్వాజా గల్లీ గల్లీల తిరిగి చెప్పిన. ఏడాదాయె, నిద్ర సక్కగ పడ్తలేదు. నిజం చెప్పినదానివి నువ్వొక్కదానివే. నన్ను మాఫ్ చెయ్యి వదినా."

అతడు వంగాడు. కళావతి రెండడుగులు వెనక్కి వేసింది. కాళ్లు అందలేదు. అతని చేతులు గచ్చు మీద ఆగాయి.

"ఎల్లేష్" అంది. "లే. నేను జెప్పేది ఇను. ఆ రోజు..."

"మాఫ్ చేసింది తియ్యి!" అన్నాడు రాజన్న.

గొంతు అవసరానికి మించి పెద్దదైంది. స్రవ్య మెట్ల మీద ఉలిక్కిపడింది. చూడకుండా రాసిన ఫలితాన్ని జీవితంలో ఒక్కసారి తప్ప ఒప్పుకోని మనిషి, చూసిన ఫలితానికి ఇప్పుడు తానే మూత పెట్టాడు. ఎవరిని కాపాడటానికి అని అడిగితే చెప్పలేడు. భార్యనా, ఏడాది తర్వాత గడప తొక్కిన తమ్ముణ్ణా, లేక ఎక్కడా లేని తల్లినా?

"మాఫ్ చేసింది" అన్నాడు మళ్లీ, నెమ్మదిగా. "లోపలికి రా. కూరున్నది. ఇంత తిందువు."

కళావతి అతని వంక చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందనుకున్నాడు. లేదు. పాలు పొంగుతుంటే చెయ్యి కాల్చుకోబోయే మనిషిని చూసినట్టు చూసింది.

ఎల్లేష్ లేచి భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ముఖంలో పదేళ్ల వయసు తగ్గింది. "అన్నం ఎన్క ఒచ్చి తింట. తోటల మేస్త్రి కూసున్నడు. ఇయ్యాల పెడ్తెనే వచ్చే ఆదివారానికి సిమెంటు పట్టుకుంటది. అన్నా, నువ్వా దిక్కు పట్టు. పైలం, మస్తు బరువుంటది."

రాజన్న వంగాడు. గోనెసంచి కింద చెక్కిన అక్షరాలు వేళ్లకు తగిలాయి. ఏ అక్షరం ఏదో తెలియలేదు. ఇద్దరూ ఒక్క ఊపున రాయి లేపారు. ఎల్లేష్ వెనక్కి నడుస్తూ ఒక మెట్టు దిగాడు. రాజన్న పాదం వరండా అంచు మీద పడింది.

"ఆ రాయి కింద పెట్టున్రి."

కళావతి గొంతు వంటింటి గుమ్మంలోంచి రాలేదు. అతని వెనకే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి వచ్చింది.

"ఏంది వదినా, బరువైతదని ఫికరా?" అని నవ్వుతూ ఎల్లేష్ తలెత్తాడు.

రాజన్న మాత్రం ఎత్తలేదు.